మా హాస్టల్ గేటు ముందు వంటావార్పు

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో ఎం.ఎస్సీ. పాసైన అమ్మాయికి హైదరాబాదులో దారులు రెండే ఉన్నాయని నేను నమ్మేదాన్ని. ఒకటి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పడం. రెండోది, అదే కోచింగ్ సెంటర్లో ఈసారి బెంచీ మీద కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదవడం. అనుకోకుండా నాకు మూడోది దొరికింది. యూనివర్సిటీ వాళ్లు క్యాంపస్‌లో చోటు చాలక, దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీ నగర్‌కూ నడుమ, మెయిన్ రోడ్డు నుంచి కర్మన్‌ఘాట్ వైపు తిరిగే గల్లీలో ఒక బిల్డింగు కిరాయికి తీసుకుని పీజీ అమ్మాయిల హాస్టల్ పెట్టారు. దానికి అసిస్టెంట్ వార్డెన్ కావాలన్నారు. పీజీ చేసి ఉండాలి, హాస్టల్లోనే ఉండాలి, ఓర్పు ఉండాలి అన్నారు. మొదటి రెండింటికీ నాకు అభ్యంతరం లేదు. (మూడోదాని గురించి ఇంటర్వ్యూలో రెండుసార్లు అడిగేసరికి, నాకు బోలెడంత ఓర్పు ఉందని కాస్త గట్టిగానే అరిచి చెప్పాను.) ఎందుకో గానీ ఉద్యోగం ఇచ్చేశారు.

జీతం సంగతి అడక్కండి, అది చెప్పుకునేంత లేదు. నన్ను పడగొట్టింది గది. నల్గొండ పక్కన మా ఊళ్లో హైస్కూలు లేక, చిన్నప్పటి నుంచి నా బతుకంతా హాస్టళ్లలోనే గడిచింది. ట్రంకుపెట్టె మీద చదువు, కిటికీ ఊచలకు ఆరేసిన బట్టలు, పక్క మంచం పిల్ల గురక, స్నానానికి బకెట్ల వరుస. అలాంటిదానికి, లోపలి నుంచి గడియ పెట్టుకునే గది ఒకటి, తలుపు మీద నా పేరు, పేరు కింద అసిస్టెంట్ వార్డెన్ అని రాసిన రేకు! చేరిన రోజు ఊరికే గడియ వేసి తీస్తూ, తీసి వేస్తూ కూర్చున్నాను. ఏం రిపేరో అనుకుని వాచ్‌మన్ తాత స్క్రూడ్రైవర్ తెచ్చాడు. అయితే ఆ గది ఇంకా నాది కాదు. ప్రొబేషన్ అయ్యాక చీఫ్ వార్డెన్ మంచిమాట రాస్తేనే ఉద్యోగం ఖాయం, లేకపోతే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఊరి బస్సు ఎక్కడమే.

ఆ మంచిమాట రాయాల్సిన మేడమ్‌ది గుంటూరు వైపు. ఎప్పుడో వచ్చి వనస్థలిపురంలో ఇల్లు కట్టుకున్నారు. డిపార్ట్‌మెంట్‌లో ప్రొఫెసర్, మా హాస్టల్‌కు చీఫ్ వార్డెన్. పిల్లలు ఆవిడకు రూల్స్ మేడమ్ అని పేరు పెట్టారు. టెర్రస్ మీద జుట్టు ఆరబెట్టుకోవడానికి ఒక రూలు, మెట్ల మీద ఫోన్ మాట్లాడడానికి ఒక రూలు, పెరుగు రెండోసారి అడగడానికి ఇంకో రూలు. మోకాళ్ల నొప్పులతో అన్ని అంతస్తులూ ఎక్కి మరీ చూసేవారు. నన్ను మొదటి రోజే కూర్చోబెట్టి, "చూడమ్మాయ్, బయట రోజులు బాగోలేవు. మన పిల్లలు గేటు దాటి రోడ్డెక్కారని నాకు తెలిసిందా, నీ ప్రొబేషన్ అక్కడితో సరి. ఏమనుకోకు" అన్నారు. ఏమనుకుంటాను? తల ఊపాను.

బయట రోజులు బాగోలేవు అంటే, తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏముందో పేపర్లో చూసుకోవాలి. మెయిన్ రోడ్డు మీద డప్పులు మోగితే మా కిటికీలు అదిరేవి. నిన్నటిదాకా క్యాంపస్‌లో గొంతు పోయేలా జై తెలంగాణ అని అరిచినదాన్ని, ఇప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తితో గేటుకు అడ్డం నిలబడేదాన్ని. పిల్లలు ఊరుకుంటారా? "అక్కా, నువ్వు గూడ రారాదు, తాళం తాతకిచ్చి పోదాం" అని సూర్యాపేట పిల్ల ఏడిపించేది. (దాన్ని అందరూ లీడరమ్మ అనేవారు. మెస్‌లో చారు పల్చగా ఉన్నా నినాదాలిచ్చే రకం.) "అక్కా గిక్కా లేదు, మేడమ్ అనాలె" అని నేను, "సరే అక్కా" అని అది. దాని గదిలోనే ఉండే కాకినాడ అమ్మాయి మాత్రం డప్పు వినిపిస్తే కిటికీ మూసేసేది. ఆ పిల్లకు భయం. నోరు విప్పితే ఏ ఊరో తెలిసిపోతుందని బస్సులో టికెట్ కూడా వేళ్లతో చూపించి తీసుకునేది.

అలాంటి ఒక బంద్ రోజు పొద్దున్నే మా వంటాయన రాలేదు, బస్సులు ఉంటే కదా. సరే, మేమే వండుకుందాం అని కొంగు బిగించి స్టౌ వెలిగిస్తే, అది రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. సమ్మెల వల్ల కొత్త సిలిండర్ వారం నుంచి వస్తోందట, వస్తూనే ఉందట. దుకాణాలన్నీ షట్టర్లు దించేశారు. పదకొండు అయ్యేసరికి పిల్లలు ముఖాలు వేలాడేసుకుని మెట్ల మీద వరుసగా కూర్చున్నారు. హాస్టల్ ఆకలి నాకు కొత్తా? ఆదివారం రాత్రి మెస్ మూసేస్తే నీళ్లు తాగి పడుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

పక్కన కడుతున్న ఇంటి దగ్గర సెంట్రింగ్ చెక్కముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. వాళ్లను అడిగి తెచ్చుకున్నాం. వెనకవైపు పొయ్యి పెడితే పొగంతా గదుల్లోకి పోయి పిల్లలు దగ్గడం మొదలెట్టారు. అప్పుడు వాచ్‌మన్ తాత, "గేటు బయట పెడ్దాం బిడ్డా. బందు గదా, గల్లీల బండ్లు యాడొస్తయ్" అన్నాడు. నిజమే కదా అనిపించింది. గేటు ఇవతల ఉంటే ఏమిటి, అడుగు అవతల ఉంటే ఏమిటి? మూడు రాళ్లు పెట్టి, పెద్ద గుండిగ ఎక్కించి, ఎసరు పోశాం. కూర వండే ఓపిక లేదు కాబట్టి పచ్చిపులుసు అనుకున్నాం, దానికి పొయ్యితో పనే లేదు. చింతపండు పిసకడానికి లీడరమ్మ, ఉల్లిగడ్డలు కోయడానికి కాకినాడ అమ్మాయి, గరిటె పట్టుకుని అధికారం చెలాయించడానికి నేను.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అప్పట్లో ఉద్యమంలో వంటావార్పు అని ఒకటి ఉండేది. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, అందరూ కలిసి వండుకుని, అక్కడే బంతులు కూర్చుని తినేవారు. బండ్లు ఆగిపోయేవి, అదే నిరసన. రోజూ పేపర్లో ఆ ఫొటోలు చూస్తూ కూడా, నేను పెట్టిన పొయ్యి చూసేవాళ్లకు ఎలా కనిపిస్తుందో నాకు ఒక్క క్షణం తట్టలేదు. కెమిస్ట్రీలో ఫస్ట్ క్లాస్ అండీ!

ఎల్బీ నగర్ చౌరస్తా వైపు నుంచి ఊరేగింపు ఒకటి మెయిన్ రోడ్డు మీద పోతోంది. ముందు నడుస్తున్నాయన మా పొగ చూశాడు. పొగ కింద గుండిగ చూశాడు. గుండిగ చుట్టూ ఆడపిల్లలను చూశాడు. అంతే, "ఆడపిల్లలు వంటావార్పు పెట్టిన్రు రో!" అని ఒక్క కేక. ఊరేగింపు ఊరేగింపంతా డప్పులతో మా గల్లీలోకి తిరిగింది. నేను గరిటె ఎత్తి పట్టుకుని, "అన్నా, ఇది వంటావార్పు కాదన్నా! ఇది నిజంగనే వంట!" అని మొత్తుకున్నాను. గరిటె ఎత్తడం వాళ్లకు ఇంకా నచ్చింది. "జై తెలంగాణ!" అన్నారు. "గ్యాస్ లేదన్నా, గంతే!" అన్నాను. "గదే గదా అక్కా మన గోస!" అని ఆయన కళ్లు తుడుచుకుని నా మెడలో కండువా వేశాడు. ఎవరో కెమెరా క్లిక్‌మనిపించారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంతలో ఆయన కాకినాడ అమ్మాయి ముందు గొంతుక్కూర్చుని, "ఏ ఊరు చెల్లె మీది?" అని అడగనే అడిగాడు. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. "మా ఊరే అన్నా! పన్ను నొప్పి, మాట్లాడ్తలేదు" అని లీడరమ్మ అడ్డం పడింది. బాగానే గట్టెక్కాం అనుకుంటున్నానా, మొదటి వాయి అన్నం వడ్డించేటప్పుడు ఆ పిల్ల అలవాటు కొద్దీ, "మొహమాటపడకండి అన్నయ్యగారూ, ఇంకొంచెం వేయించుకోండి" అనేసింది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన ఆ పిల్ల వంక చూశాడు, లీడరమ్మ వంక చూశాడు. తర్వాత విస్తరి ముందుకు జరిపి, "పులుసు జర ఎక్కువ పొయ్యి చెల్లె" అన్నాడు. ఆ పిల్ల పోసింది. పోస్తూ పోస్తూ ఏడ్చేసింది. ఉల్లిగడ్డలని అందరికీ చెప్పింది.

సరిగ్గా అప్పుడు మా మేడమ్ వచ్చారు. వనస్థలిపురం నుంచి నడిచి! తెగిన చెప్పు ఒక చేతిలో, పండుమిరప పచ్చడి సీసా ఉన్న సంచి ఇంకో చేతిలో, ముఖమంతా చెమట. గ్యాస్ రాలేదని ఎవరో ఫోన్ చేశారట, పిల్లలు ఏం తిన్నారో అని బస్సుల్లేని రోజున ఆ మోకాళ్లతో బయల్దేరారట. వచ్చి చూస్తే ఏముంది? పిల్లలందరూ గేటు బయట, డప్పులు, జెండాలు, మధ్యలో కండువా మెడలో వేసుకుని గరిటెతో నేను. రూలు ఒక్కటి మిగల్లేదు. "మేడమ్, అది..." అన్నాను. ఆవిడ పొయ్యి మీద ఉడుకుతున్న రెండో వాయి వంక చూసి, "మంట తగ్గించు, అన్నం అడుగంటుతోంది" అన్నారు. తిట్టినా బాగుండేది అనుకున్నాను.

వెనకాలే పోలీసు జీపు. ఎస్సై దిగి లాఠీ ఊపుతూ, "ఎవరు పెట్టిన్రమ్మా ఇది? పేరు చెప్పున్రి" అన్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. మేడమ్ నా చేతిలోంచి గరిటె లాక్కుని ముందుకొచ్చారు. "నేనండీ."

ఎస్సై ఆవిడ యాస విని తికమకపడ్డాడు. "మేడమ్, మీది ఆంధ్రా కాదా?"

"గుంటూరు పక్కన. అయితే ఏంటటా?"

"మరి వంటావార్పు..."

"మా హాస్టల్ వంటండీ ఇది. చీఫ్ వార్డెన్ని నేను. పొయ్యి పెట్టమన్నది నేను, పిల్లల్ని బయటికి రమ్మన్నది నేను. ఈ అమ్మాయి నేను చెప్పింది చేసింది. రాసుకుంటే నా పేరు రాసుకోండి. పొద్దుట్నుంచీ డ్యూటీలో ఉన్నట్టున్నారు, ఏవన్నా తిన్నారా?"

ఎస్సై తినలేదు. జీపులో కానిస్టేబుళ్లూ తినలేదు, వాళ్ల చూపులు ఎప్పుడో గుండిగలో పడ్డాయి. కాసేపటికి ఊరేగింపు ఒక బంతి, పోలీసులు ఒక బంతి, ఎదురెదురుగా కూర్చుని పచ్చిపులుసులో పండుమిరప పచ్చడి నంజుకుని తిన్నారు. కారానికి ఇరుపక్షాల ముక్కులూ కారాయి. తిన్నాక అందరూ మర్యాదగా వెళ్లిపోయారు.

మర్నాడు పేపర్లో మేడమ్ ఫొటో! చేతిలో గరిటె, పక్కన కండువాతో నేను. ఆవిడ కాలనీలో సొంత ప్రాంతం వాళ్లే, నీకిదేం పోయేకాలం అన్నారట. యూనివర్సిటీ నుంచి ఆవిడను సంజాయిషీ అడిగారు. నేను ట్రంకుపెట్టె సర్దుకుని ఆఫీసు గది ముందు నిలబడ్డాను. "అదేంటి, పెట్టె?" అన్నారు మేడమ్. "మీరే చెప్పారు కదా మేడమ్, పిల్లలు రోడ్డెక్కితే..." అన్నాను. "చెప్పాను. పిల్లలు పస్తుంటే ఎవరి ఉద్యోగం పోవాలో అది చెప్పలేదుగా? వెళ్లి పెట్టె లోపల పెట్టు" అన్నారు.

నెల తిరక్కుండానే ఆవిడను వార్డెన్ పనిలోంచి తప్పించి పూర్తిగా డిపార్ట్‌మెంట్‌కే పరిమితం చేశారు. ఎందుకో మా అందరికీ తెలుసు. పోయే ముందు ఆవిడ పెట్టిన ఆఖరి సంతకం, నా ఉద్యోగం ఖాయం చేయమన్న కాగితం మీదే. ఆ సాయంత్రం గేటు దాకా సాగనంపుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. వెనకాల పిల్లలందరూ నిలబడి ఉన్నారు. మేడమ్ కళ్లెర్రజేసి, "ఏడవకు. వార్డెన్ ఏడవకూడదు, రూలు" అన్నారు.

"అట్లాంటి రూలు లేదు మేడమ్" అన్నాను ముక్కు చీదుతూ.

"ఇప్పుడే పెట్టాను" అని, అటు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుని, కుంటుకుంటూ ఆటో ఎక్కారు.

ఎన్నో ఏళ్లు గడిచాయి. ఎందరో పిల్లలు వచ్చారు, పోయారు. ఇప్పుడు చీఫ్ వార్డెన్ని నేనే, నా మోకాళ్లూ నొప్పులే. అయినా అప్పుడప్పుడు ఆ సాయంత్రపు పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. పిల్లల ముందు కంటితడి కనపడకుండా మెట్లన్నీ గంభీరంగా ఎక్కి, ఇక తనదే అయిన గదిలోకి పోయి, గడియ పెట్టుకుని, మేడమ్ పెట్టిన కొత్త రూలును ఆ పిచ్చిది తెల్లారేదాకా మీరుతూనే ఉంది.