చెయ్యి వేసినవాళ్ళందరి వంట

పోయిన ఏడాది చలికాలంలో, ఒక ఆదివారం సాయంత్రం, మా పెద్దబ్బాయి చనిపోయాడని ఫోన్ వచ్చింది. అమెరికాలో మా ఊరు నోవైలో గుడి వంటగది కడిగేసి ఇంటికి వస్తూ కారుకి పెట్రోలు పోసుకోడానికి బంకులో ఆగాడు. వాడి రంగు, నుదుట బొట్టు చూసి ముగ్గురు వెంటపడ్డారు. ఇలాంటివాణ్ణి ఒకణ్ణి పట్టుకోవాలని ముందే ఫోన్లలో అనుకుని బయల్దేరారట. ఇద్దరు కొట్టారు. ఒకడు కారు నడిపాడు.

నాకు పెద్ద చదువు లేదు. మీలో చాలామంది వాడి చేతి పులిహోర తిన్నవాళ్ళే కాబట్టి మీతో చెప్పుకుంటున్నాను.

వారమంతా ఆఫీసు, ఆదివారం గుడి వంట. నైవేద్యానికి ముందు రుచి చూడకూడదు కదా, ఉప్పు సరిపోయిందా అని నా మొహంలోకి చూసేవాడు, నేనేదో తిని చూసినట్టు.

పులిహోర కలిపేటప్పుడు వాడికొక అలవాటు. పెద్ద బేసిన్ చుట్టూ అందరినీ పిలిచేవాడు. చింతపండు పిసికినవాళ్ళు, మిరపకాయలు తుంచినవాళ్ళు, అందరూ చేతులు కడుక్కుని తలా ఒకసారి కలపాలి. ఇంట్లో కుండీలో కరివేపాకు పెంచే పెద్దాయన ఒకరున్నారు. చలికి ఆకు నల్లబడకుండా కోటు లోపల పెట్టుకుని తెచ్చేవారు. ఇచ్చేసి గుమ్మంలోనే నిలబడేవారు.

"నేనేం చేశానయ్యా, డ్రైవ్ చేశానంతే."

"కరివేపాకులా తీసి పారేస్తామనుకున్నారా అంకుల్? చెయ్యి వేసినవాళ్ళందరి వంట ఇది. రండి."

సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకి కోర్టు పిలిచింది. ముగ్గురూ నేరం ఒప్పుకున్నారు. ఎవరికెంత శిక్షో జడ్జి చెప్పాలి. ప్రభుత్వ లాయరమ్మ విడమరిచి చెప్పినదంతా మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

"ఇదివరకు కుట్రలో ఉన్నందుకు వేసే శిక్ష చిన్నదట అమ్మా. ద్వేషంతో చేసే నేరాల చట్టాన్ని ఈమధ్య మార్చారట. మనిషి పోతే, కలిసి అనుకున్నవాడికి కూడా ముప్పై ఏళ్ళ దాకా వెయ్యొచ్చట. వాడు చెయ్యెత్తకపోయినా సరే."

శిక్ష చెప్పే రోజు కారు నడిపినవాడి లాయరు లేచి ఏదో అన్నాడు. మా అమ్మాయి నా చెవిలో చెప్పింది. "డ్రైవ్ చేశాడంతే అంటున్నాడమ్మా."

నన్ను మాట్లాడమన్నప్పుడు, ఇంట్లో అనుకుని వెళ్ళిన మాటలేవీ రాలేదు.

"కరివేపాకు తెచ్చినాయన్ని కూడా మా అబ్బాయి వంటవాళ్ళలోనే కలిపాడయ్యా. ఈ పిల్లాడు చావుని కారెక్కించుకుని తెచ్చాడు. వీణ్ణి కూడా ఆ కొట్టినవాళ్ళలోనే కలపండి."

జడ్జిగారు ఆ పిల్లాడికి కూడా చాలా ఏళ్ళు వేశారు. వెనక బెంచీలో వాడి తల్లి ముడుచుకుపోయింది. న్యాయమే జరిగింది. నాకు మాత్రం సంతోషం కలగలేదు. పదిమందిని దగ్గరికి తీసుకోడానికి మావాడు అన్న మాట, నేను ఒకణ్ణి జైలుకి పంపడానికి అన్నాను. ఇప్పుడది నా నోటికి రావడం లేదు.

మొన్న ఆదివారం గుడికి వెళ్ళాను. బయట మంచు కురుస్తోంది. ఎవరో పులిహోర కలుపుతున్నారు. ఆ పెద్దాయన వచ్చారు. కోటు గుండీలు తియ్యకుండా, గుండెల మీద చెయ్యి ఆనించి, గుమ్మంలోనే నిలబడ్డారు. ఎవరైనా పిలుస్తారేమోనని లోపలికి చూస్తున్నారు.