జిజాన్ క్వార్టర్లలో నీళ్ల ఖర్చు

సౌదీలోనే జుబైల్‌కి మారినా, జిజాన్ అనగానే నాకు ముందు ఒక సైనికుడి తల్లే గుర్తొస్తుంది.

అక్కడ సైనికుల కుటుంబాలుండే క్వార్టర్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు మా కంపెనీది. ఏ ఇంటికి అద్దె, కరెంటు, నీళ్లు, మరమ్మతులు ఎంతయ్యాయో చూడటం నా ఉద్యోగం. కేటాయించిన దానికన్నా ఎక్కువ నీళ్లు వాడితే ఆ ఖర్చు సైనికుడి జీతంలోంచి కోసేవారు. ఒక ఇంటికి నెలనెలా కోత పడుతూనే ఉంది. పైపు ఎక్కడో లీకవుతోందేమోనని మా ప్లంబర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. అరబ్బీ బాగా వచ్చు.

కొడుకు సరిహద్దు డ్యూటీలో ఉన్నాడు. తల్లి మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్లింది. పాత నూనె డబ్బాల్లో, విరిగిన బకెట్లలో అన్నీ మల్లెమొక్కలే. మల్లెని అక్కడివాళ్లు ‘ఫుల్’ అంటారు. ఆ వాసనకి ఏలూరులో మా మేడ మీది మల్లెలు గుర్తొచ్చి నిలబడిపోయాను.

ప్లంబర్ పైపులన్నీ చూసి వచ్చాడు.

“లీకేం లేదు మేడం. అమ్మ పొద్దుమాపు చెట్లకు పోస్తున్నది, గంతే.”

ఆమె మెల్లగా ఏదో అడిగింది.

“చెట్లు పీకెయ్యాల్నా అంటున్నది. వాళ్ల ఊరి నుంచి తెచ్చుకున్నదట.”

పైనున్న ఏసీ నీళ్లు నా భుజం మీద పడుతున్నాయి. జిజాన్ ఉక్కపోతకి అవి ఆగవు.

“ఈ నీళ్లు ఎటు పోతాయండీ?”

“మోరీలకే.”

“డ్రమ్ములోకి పట్టలేమా?”

“ఎందుకు పట్టలేం? పైపు ముక్కలు స్టోర్ల పడున్నయి.”

ఆ సాయంత్రమే బిగించాడు. మరుసటి నెల నుంచి కోత లేదు.

తర్వాత సెలవురోజు వస్తే నేను అక్కడే ఉండేదాన్ని. ఆమె పూలు సూదితో గుచ్చేది. నేను దారంతో ముడివేసి మాల కట్టి చూపించాను. నా వేళ్లు పట్టుకుని మళ్లీ చెయ్యమనేది. మాకు భాష కలవలేదు, అది పెద్ద లోటనిపించనూ లేదు. తలనిండా పూలతో రూముకి నడిచి వస్తుంటే ఎంత తృప్తిగా ఉండేదో.

కొడుకుకి తబూక్ బదిలీ అయింది. క్వార్టరు అప్పగించిన రోజు, సామానుకన్నా ముందు డబ్బాలు బండెక్కించింది.

“అక్కడ చలి కదా, బతుకుతయా అంటున్నది మేడం.”

“మీరేమన్నారు?”

“నాకేం ఎరుక? ఇంట్లవెట్టుకో అన్న.”

ఆ చలికాలం పోయాక ప్లంబర్ ఫోనుకి ఫొటో వచ్చింది. కిటికీ దగ్గర రెండు డబ్బాలే మిగిలాయి. రెండూ పూశాయి.