మూడు సైలెన్సర్లు, ఒక బొట్టు

ఆ రోజుల్లో నాకు అచ్చయిన కాగితమంటే దేవుడి పటంతో సమానం. నలభై దగ్గరపడ్డాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కదా, కష్టపడి సంపాదించుకున్న దాని మీద మోజు కాస్త ఎక్కువే ఉంటుంది. బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, పెళ్లి శుభలేఖలు, ఏది కనబడితే అది పైకి చదివేదాన్ని. (మా ఆయన నాతో సిటీ బస్సు ఎక్కడం మానేశారు.) చిన్నప్పుడే బడికి వెళ్లినవాళ్లకి అచ్చులోనూ తప్పులుంటాయని ఎప్పుడో తెలిసిపోతుంది. నాకు తెలిసేసరికి మూడు లారీ సైలెన్సర్లు పామర్రు వెళ్లిపోయాయి.

ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో పన్నెండేళ్లు ప్యాకింగ్ చేశాను. ఓనరు గారిని అందరం భాయిగారు అనేవాళ్లం, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవారు. చదువు రాని కాలంలో ఏ పార్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. ఎవరికి ఏం పంపామో వారం దాకా నా బుర్రలోనే ఉండేది. తర్వాత మా పేటలో ఆదివారాలు ఆడవాళ్లకి చెప్పే క్లాసులో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు పార్టుల అట్టపెట్టెలే నేర్పాయి. అది చూసి ముచ్చటపడి భాయిగారు నాకు ప్రింటరు పక్కన కుర్చీ ఇచ్చారు. పన్నెండేళ్లు నిలబడ్డాక దొరికిన కుర్చీ అది. మొదటి రోజు దాని అంచునే కూర్చున్నాను, ఎవరైనా లెమ్మంటారేమోనని.

ఆ ప్రింటరు ఎందుకంటే, మాకు సరుకిచ్చే కంపెనీ అప్పుడే కొత్త పద్ధతి పెట్టింది. కంకిపాడు, పామర్రు వైపు మెకానిక్కులు కంపెనీకి ఫోను చేస్తే, వాళ్లు ఆ ఆర్డరు తమ సిస్టమ్‌లో ఎక్కిస్తారు. అది ఇంటర్నెట్ మీద నేరుగా మా షాపు కంప్యూటరుకి వచ్చి చీటీగా అచ్చవుతుంది. చీటీ చదివి సరుకు కట్టించడం నా పని. ఆ సిస్టమ్ ఎక్కడుంటుందని అడిగితే, క్లౌడులో, అంటే మబ్బులో ఉంటుందన్నారు భాయిగారు. ఆయనకీ అంతకు మించి తెలియదు. చినుకు పడితే లైను పోయేది కాబట్టి నాకు ఆ మాట మీద అనుమానమే రాలేదు.

శ్రావణమాసంలో ఒక వాన మధ్యాహ్నం పామర్రు మేస్త్రీ పేరున చీటీ వచ్చింది, లారీ సైలెన్సరు ఒకటి అని. కట్టించాను. పావుగంటకి మళ్లీ అదే చీటీ. ఇంకో పావుగంటకి ఇంకొకటి. నా పాత బుర్ర ‘ఇందాకే కట్టించాం కదా’ అని గొణిగింది. నా కొత్త చదువు దాని నోరు మూయించింది. అంత చక్కటి అక్షరాల్లో మూడుసార్లు చెబుతుంటే కాదనడానికి నేనెవరిని? మూడూ పార్సిల్ బండి ఎక్కాయి.

మర్నాడు పొద్దున్నే మేస్త్రీ ఫోను. “అమ్మా, నాకాడున్నది ఒక్క లారీ. మిగతా రెండు గొట్టాలూ ఏం జెయ్యమంటావు? మా ఆవిడ పొయ్యికి బిగించనా?”

“చీటీ అట్టాగే వచ్చిందండీ.”

“చీటీకి బుద్ధి లేదు సరే. నీకుంది కదమ్మా.”

పన్నెండేళ్లలో నన్నెవరూ ఆ మాట అనలేదు. అదే వారం కంకిపాడుకి క్లచ్ ప్లేట్లు రెండు రెట్లు వెళ్లాయి. భాయిగారు అరిచే మనిషి కాదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది. కంప్యూటరు కంపెనీ నుంచి ఒక అమ్మాయి వస్తోందనీ, బాగయితే సరేననీ, లేకపోతే ఆ మిషను తీసేద్దామనీ చెప్పారు. “నువ్వు మళ్లీ ప్యాకింగ్‌కి పోదువుగాని చెల్లెమ్మా,” అన్నారు మెత్తగా. నేను కుర్చీ వైపు చూడకుండా తలూపాను.

వచ్చినమ్మాయిది పామర్రే, ఉద్యోగం హైదరాబాదులో. నన్ను పిన్నిగారూ అంది. వస్తూనే గోడ మీద క్యాలెండరు పక్కన భాయిగారు అంటించిన కాగితం చూసి గతుక్కుమంది. మా షాపే అడుగుతోందని ఆ సిస్టమ్‌కి తెలియడానికి ఒక రహస్యపు తాళం ఉంటుందట, ముప్పై రెండు అక్షరాలూ అంకెలూ కలిపి. ఆ కాగితం మీదున్నది అదే. అది దొరికినవాడు ఎక్కడ కూర్చునైనా మా పేరున సరుకు తెప్పించవచ్చు, మా ఆర్డర్లన్నీ చూడవచ్చు. కాగితం పీకి, ఇది ఇంకెక్కడైనా ఉందా అని అడిగింది. నేను సంతోషంగా, దస్తూరీ కోసం రాసుకునే నా కాపీ పుస్తకం తెచ్చి ఇచ్చాను. నాలుగు పేజీల నిండా అదే, గీత దాటకుండా.

“ఇది ఎవరికైనా చూపించారా పిన్నిగారూ?”

“మా టీచరమ్మకి. పదికి తొమ్మిది వేసింది. మధ్యలో ఖాళీ వదల్లేదని ఒకటి తగ్గించింది.”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ ఫోను తీసింది. తర్వాత పాత తాళం రద్దు చేయించి, కొత్తది కంప్యూటరు లోపలే దాచేసింది. ఇకనుంచి ఎవరూ దాన్ని కళ్లతో చూడనక్కర్లేదంది. నాకు చిన్నతనం అనిపించింది. చదువు రానప్పుడు అందరూ అన్ని కాగితాలూ నా ముందే పరిచేవారు. చదువొచ్చాక దాచడం మొదలుపెట్టారు.

చీటీల సంగతీ చెప్పింది. అక్కడి సిస్టమ్ ఆర్డరు పంపి, ‘అందింది’ అనే జవాబు కోసం చూస్తుంది. జవాబు వెళ్లేలోపు లైను పోతే, అందలేదేమోనని మళ్లీ పంపుతుంది. పంపడం తప్పు కాదు, పంపకపోతే ఆర్డరే పోతుంది. వచ్చింది పాతదేనని మనం పోల్చుకోలేకపోవడమే తప్పు.

“ఇందులో ఏముందమ్మా, పేరంటం పిలుపేగా,” అన్నాను.

మా అత్తగారు శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవడానికి నన్నూ మా తోడికోడలినీ ఒకే వీధికి విడివిడిగా పంపేది (ఇద్దరి మీదా నమ్మకం లేక). ఇంటికి తాళం ఉంటే గుమ్మానికి బొట్టు పెట్టి రావాలి. వెనక వెళ్లినామె బొట్టు చూసి, పిలుపు అయిందనుకుని వచ్చేస్తుంది. ఎన్నిసార్లు వెళ్లినా పిలుపు ఒక్కటే.

అమ్మాయి నోట్‌బుక్కు పక్కన పెట్టింది. “ఆ బొట్టు వేరేవాళ్ల పేరంటానిదైతే?”

“మా అత్తగారు అంత అమాయకురాలా? కుంకుమ కింద గంధం చుక్క పెట్టించేది. అది మా ఇంటి గుర్తు.”

“అదే కావాలి నాకు. మేస్త్రీ గారికి నిజంగానే రెండు కావాల్సి వచ్చి, రెండుసార్లు అడిగితే అవి వేరు వేరు పిలుపులు కదా. పేరు చూసి ఆపకూడదు, గుర్తు చూసి ఆపాలి.”

ఇక ప్రతి ఆర్డరూ కంపెనీ దగ్గర పుట్టినప్పుడే దానికో నంబరు పడుతుంది. మళ్లీ పంపినా అదే నంబరు. మా కంప్యూటరు ఆ నంబరుకి బొట్టు ఉందో లేదో చూస్తుంది. లేకపోతే బొట్టు పెట్టి చీటీ వేస్తుంది. ఉంటే చీటీ వేయకుండా ‘అందింది’ అని మాత్రం చెబుతుంది.

మూడో రోజు భాయిగారి ఎదుట పరీక్ష. అమ్మాయి సరుకు కంపెనీ వాళ్ల చేత ఒక ఆర్డరు పంపించింది. చీటీ బయటికి వస్తుండగానే, జవాబు వెళ్లకముందే ఇంటర్నెట్ వైరు లాగేసింది. కాసేపాగి మళ్లీ పెట్టింది. ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చదీపాలు వెలిగాయి. ఆర్డరు మళ్లీ వచ్చిందని అమ్మాయి తెర మీద చూపించింది. నేను తెర చూడలేదు, ప్రింటరు నోరే చూస్తున్నాను. అది తెరుచుకోలేదు. ఇంకోసారి లాగింది, ఇంకోసారి పెట్టింది. ప్రింటరు బుద్ధిగా ఊరుకుంది.

భాయిగారు గడ్డం నిమురుకున్నారు. “కూర్చో చెల్లెమ్మా,” అన్నారు.

నేను అంతసేపూ నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది. ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

ఇలా నంబరు వేసి పోల్చుకోవడం లోకమంతా ఎప్పటి నుంచో ఉన్న పద్ధతేనట. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ అమ్మాయికి అది రాక కాదు, నా పేరంటం కథ విన్నది. అంతా నేనే కనిపెట్టినట్టు ఆ సాయంత్రం మా ఇంట్లో చెప్పుకున్న గొప్పలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అయితే తను రాసిన ప్రోగ్రాములో ఆ నంబరు గుర్తుంచుకునే గడికి ఇంగ్లీషు అక్షరాల్లో ‘బొట్టు’ అనే పేరు పెట్టి వెళ్లింది. అది మాత్రం నేనే కూడబలుక్కుని చదివాను.

ఇప్పుడు నా ఫోనుకి లక్షలు గెలిచారని అచ్చులో కబురొస్తే నమ్మను. అంత తెలివి వచ్చింది. అయినా వాన పడి లైను పోయినప్పుడల్లా, మూడు సైలెన్సర్లు భక్తిగా కట్టించిన ఆ నలభై ఏళ్ల బడిపిల్ల గుర్తొస్తుంది. కాపీ పుస్తకంలో ఆ నాలుగు పేజీలూ అమ్మాయి చించి తీసుకుపోయింది. తాళం ఎలాగూ పనికిరానిదైంది, ఉంచితే ఏం పోయేది? అంత బాగా మళ్లీ ఎప్పుడూ రాయలేదు.