నలుగురూ తొక్కవలసిన పిప్పి

గుర్రాల డెక్కలు చూసే పని తాన్ యూలియన్‌కి పెళ్లితో పాటు వచ్చింది. పద్దెనిమిదో ఏట నాడాలు కొట్టేవాడి ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆమెకు గుర్రమంటే భయం. ఇరవై ఏళ్లపాటు మొగుడు డెక్క చెక్కుతుంటే తాను కాలు పట్టుకుంది. అతను చెప్పిన మందులు దంచింది, కాచింది. ఒక చలికాలం అతను దగ్గుతో పోయాడు. ఊరి ఉమ్మడి సేద్యపు బృందం పెద్దలు వచ్చి, "మగవాడెవడైనా దొరికేదాకా నువ్వే చూడు" అన్నారు. పన్నెండేళ్లయింది. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, "ఇంకా వెతుకుతున్నారా, లేక నాకు చెప్పకుండా మానేశారా?" అని అడుగుతుంది.

అక్షరం రాదు. మందుల సంచుల తాళ్లకు ముడులు వేసి గుర్తుపెట్టుకుంటుంది. ముడి మరిచిపోతే వాసన చూస్తుంది. మనుషులతో పొదుపుగా మాట్లాడే ఆమె, డెక్క చేతిలోకి తీసుకుందంటే మాత్రం ఆపదు. "ఏమే, ఈ కాళ్లతోనేనా నీ పుట్టింటివాళ్లు నిన్ను సాగనంపింది?" అని గుర్రాన్ని కోడలిని కసిరినట్టు కసురుతుంది. గుర్రాలు చెవులు వెనక్కి పెట్టి వింటాయి.

ఆ ఏడు మూడో నెల వచ్చినా కొండ నీడన మంచు కరగలేదు. ఆమె ఓట్స్ పిండి పిసుకుతుండగా బృంద నాయకుడు తుంగ్ దెషాన్ గుమ్మంలోకి వచ్చాడు.

"పిన్నీ, రేగి కదలటం లేదు."

రేగిపండు రంగు ఆడగుర్రం కనుక రేగి. ఊళ్లో ఉన్న తొమ్మిది పశువుల్లో అదే గట్టిది. యూలియన్ పిండి చేతులతోనే వెళ్లింది.

పాకలో రేగి నాలుగు కాళ్లూ ఒక్కచోటికి చేర్చి, తల వేలాడేసి, చిన్న పీట మీద నిలబెట్టినట్టు నిలుచుంది. డెక్కలు ముట్టుకుంటే పొయ్యిలోంచి తీసిన ఇటుకల్లా ఉన్నాయి.

"విత్తులు ఇంకో పన్నెండు రోజుల్లో," అన్నాడు తుంగ్. "అప్పటికి నడవకపోతే పైవాళ్లు కబేళాకు తోలమంటారు. నా చేతిలో లేదు పిన్నీ."

మేత వేసే హౌ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అన్నదమ్ముల్లో నాలుగోవాడు, ఊరి వరసకు యూలియన్‌కి మరిది, అరవై దాటిన బ్రహ్మచారి, ఇరవై ఏళ్లుగా ఈ పాకలోనే పడక. అతని ముఖం గుర్రం ముఖంకన్నా వాడిపోయి ఉంది.

ఈ జబ్బు రెండు దారుల్లో వస్తుంది. మితిమీరి నడిపిస్తే దారి దెబ్బ. మితిమీరి తినిపిస్తే మేత దెబ్బ. కాళ్లు చూస్తే రెండూ ఒకటే, కషాయాలు మాత్రం వేరు. గుర్రాన్ని అడగకు, మేత వేసేవాణ్ణి అడుగు అనేవాడు ఆమె మొగుడు.

"ఏం జరిగింది మరిదీ?"

"దారి దెబ్బే వదినా. మొన్న విత్తనాల బండి లాగింది కదా. చెమటతో ఉన్నదాన్ని గాలిలో నిలబెట్టారు."

యూలియన్ నేల చూసింది. పేడ ఎత్తేసి, కొత్త మట్టి చల్లి, దాని మీద మళ్లీ ఊడ్చి ఉంది.

"ఇరవై ఏళ్లలో ఈ పాక ఇంత శుభ్రంగా చూడలేదు. నీకేమైనా పెళ్లిచూపులా?"

తుంగ్ నవ్వాడు. హౌ నవ్వలేదు. ఆమె గుర్రం పెదవి ఎత్తి వాసన చూసింది. పులిసి చెడిపోయిన పిండి వాసన. పెదవి వదిలేసి, తుంగ్ వెళ్లిపోయేదాకా డెక్కలు తడుముతూ కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు," అంది.

"చెప్పాను కదా. దారి దెబ్బ."

"సరే. దానికే కాస్తాను. తప్పయితే డెక్క లోపల ఎముక జారుతుంది. అప్పుడు నేనే కాదు, నా మొగుడు లేచి వచ్చినా చేసేదేమీ లేదు." సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాటబోతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"నల్లచిక్కుళ్లు వదినా."

"ఎన్ని?"

"నిండు బేసిను. నానబెట్టినవి." హౌ గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు. "వంతెన దగ్గర బండి బురదలో దిగబడితే రెండు కంచరగాడిదలూ చేతులెత్తేశాయి. ఇదొక్కతే లాగింది. ఇంటికొచ్చాక నా జేబు వాసన చూసింది. ఏం చెయ్యను?"

ఆ చిక్కుళ్లు విత్తుల రోజుల్లో అన్ని పశువులకూ పంచటానికి దాచినవి. రోజుకు మూడు దోసిళ్లకు మించి వేసినవాణ్ణి మేత పనిలోంచి తీసేస్తారు.

"ఎవరికీ చెప్పకు."

"నేను డెక్కలు చూడటానికొచ్చాను. నీ సంగతులు మోయటానికి కాదు," అంది యూలియన్. కానీ చెప్పలేదు.

ముందు డెక్కల పైఅంచున సూదితో పొడిచి నల్లటి నెత్తురు కార్చింది. కరిగిన మంచు పారే వాగులో రోజుకు మూడు పూటలా రేగిని నిలబెట్టింది. అది కాలు తీస్తే హౌ మోకాళ్లలోతు నీళ్లలో దిగి, కాలు పట్టుకుని మళ్లీ పెట్టేవాడు. "నువ్వెందుకు వణుకుతావు, జబ్బు దానిది కదా," అని ఆమె అతనికి తన మొగుడి పాత తోలు బూట్లు తెచ్చిచ్చింది. కషాయంలో కుసుమ పూలు, బోళం వేసింది. మేత దెబ్బ కనుక మొలకెత్తిన బార్లీ, ఎండిన షాన్‌జా పండు ముక్కలు కూడా వేసింది. మూడు రోజులు తాగించింది. మూడో రోజుకు రేగి తల ఎత్తింది, గుప్పెడు గడ్డి కొరికింది. అడుగు మాత్రం ఇంకా వెయ్యలేదు.

ఇక పిప్పి మిగిలింది. మూడు రోజుల పిప్పినీ దాచి, బాటలు కలిసేచోట పొయ్యాలి. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ తొక్కితే జబ్బు వాళ్ల కాళ్లకు తలాకాస్త అంటుకుని, ఎవరినీ బాధించనంత చిన్నదై పోతుంది. ఇది నిజమా కాదా అని యూలియన్ ఎన్నడూ ఆలోచించలేదు. కూరలో ఉప్పు వెయ్యాలా అని ఆలోచిస్తామా?

ఆమె కుండ ఎత్తుకుంటే హౌ అడ్డం వచ్చాడు.

"దాన్ని పెంటగుంటలో పోద్దాం వదినా."

"ఎందుకు?"

అతను కుండలోకి వేలు చూపించాడు. ఎర్రటి గుండ్రటి ముక్కలు పైకే తేలి ఉన్నాయి. షాన్‌జా ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. పిల్లవాడు ఎక్కువ తిని కడుపు పట్టుకుంటే ప్రతి తల్లీ పెట్టేది అదే.

"పెంటగుంటలో ఎవరు తొక్కుతారు?" అంది.

"ముక్కలు ఏరేసి పోస్తే?"

"మందులో సగం తీసేస్తే జబ్బులో సగం ఉండిపోతుంది. ఏ సగం ఉంచమంటావు, ముందు కాళ్లదా వెనక కాళ్లదా?" కుండ కింద పెట్టింది. "నా చేతులు నొప్పిగా ఉన్నాయి. నీ ఇష్టం వచ్చినచోట పోసుకో."

హౌ చాలాసేపు కుండ దగ్గర కూర్చున్నాడు. రేగి మెడ చాచి అతని జేబు వాసన చూసింది. అతను లేచి, కుండ చంకన పెట్టుకుని, బావి దగ్గర బాటలు కలిసేచోటికి నడిచి, ఆడవాళ్లందరూ చూస్తుండగా బోర్లించాడు.

"షాన్‌జా!" అంది ఒకామె. "నాలుగో బావా, గుర్రానికి అజీర్తి చేసిందా, నీకా?"

"ఏం వండిపెట్టావు బావా? మమ్మల్ని పిలవనేలేదే!"

నవ్వులు విని తుంగ్ వచ్చాడు. బూటు కొనతో ఒక ముక్కను తిప్పి చూసి, హౌ వైపు చూశాడు.

"నేనే పెట్టాను," అన్నాడు హౌ. "నిండు బేసిను. దానికి తెలియదు, నాకు తెలుసు. తప్పు నాది."

"బాబాయ్, నీకంటే గాడిద నయం. కడుపు నిండితే మూతి తిప్పుకుంటుంది." తుంగ్ చెయ్యి చాచాడు. "తాళంచెవి ఇటివ్వు."

హౌ నడుముకు కట్టుకున్న తాడు విప్పి, గింజల కొట్టు తాళంచెవి ఇచ్చాడు. తుంగ్ దాన్ని యూలియన్ చేతిలో పెట్టాడు. "చిక్కుళ్లు ఇక పిన్ని కొలుస్తుంది. మేత నువ్వే వెయ్యి. వేరేవాడు వేస్తే అది కరుస్తుంది, నా భుజమే సాక్ష్యం."

విసుక్కుంటూ, పిప్పిని తప్పుకుని పదడుగులు వెళ్లాడు. ఆగాడు. వెనక్కి వచ్చి రెండు బూట్లతోనూ దాని మీదుగా అటు నడిచాడు, ఇటు నడిచాడు.

"ఏం చూస్తున్నారు?" అని ఆడవాళ్ల మీద అరిచాడు. "విత్తులకు గుర్రం వద్దా?"

వాళ్లు కావళ్లు దించి, ఒకరి వెనక ఒకరు తొక్కారు.

రేగి పదమూడో రోజున పొలంలోకి దిగింది, ఒక రోజు ఆలస్యంగా. ఆ ఆలస్యం గురించి తుంగ్ ఊరంతా అరిచాడు కానీ పైకి రాసి పంపలేదు.

పొద్దున్నే హౌ బేసిను పట్టుకుని, ఆ పాత బూట్లు వేసుకుని యూలియన్ తెరిచిన గింజల కొట్టు గుమ్మంలో నిలబడతాడు.

"వదినా, నిన్న రాళ్ల చేలో దున్నింది. నాలుగు దోసిళ్లు."

"మూడు."

"పోనీ మూడే. నా దోసిలితో."

"నా దోసిలితో," అని ఆమె తన చిన్న చేతులు సంచిలో పెడుతుంది. మూడోసారి మాత్రం కాస్త పైకి పొంగేలా ఎత్తుతుంది.