నంబర్లు చెరిగిన రాళ్ళు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, స్టవ్వు మీద పాలు పొంగేలోపే, మా పై వాటా తాతగారు నిద్రలోనే పోయారని తెలిసింది. నిజాంపేటలో ఆయన ఇంట్లోనే కింది వాటాలో అమ్మా నేనూ అద్దెకుంటాం. చుట్టరికం లేదు. అయినా నాకు చూడటం నేర్పింది ఆయనే.

ఆయన భూగర్భ శాస్త్రవేత్తగా కొండలూ వాగులూ తిరిగి రిటైరయ్యారు. మాదాపూర్‌లో హైటెక్ సిటీ లేస్తున్న రోజుల్లో ఒకసారి నన్ను బస్సులో తీసుకెళ్ళారు. అందరూ తలెత్తి అంతస్తులు లెక్కపెడుతుంటే ఆయన పక్కన తవ్విన పునాది గుంట అంచున నిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. వాచ్‌మన్ గదమాయించాడు.

"ఓ పెద్దాయనా, బిల్డింగ్ అటున్నది!"

"బిల్డింగ్ నువ్వు జూడు బాబూ, నీకు అందుకే జీతమిస్తరు. నేను గుంత జూస్త."

ఆయన గదిలో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో ఇరవై మూడు రాళ్ళు. ఎప్పుడో అగ్నిపర్వతం కక్కిన లావా గట్టిపడి అయిన రాయిలో జింకు, సీసం, వెండి జాడ ఉందని కడప వైపు ఒక వాగు ఒడ్డున ఆయన కనిపెట్టారు. అది గని తవ్వేంతది కాదు. ఎవరైనా "మీ వెండి గని" అంటే ఊరుకునేవారు కాదు. "గని గాదు, జాడ. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పాలె" అనేవారు. అయినా నౌకరీ మొత్తంలో తనది అని చెప్పుకోవడానికి ఆయనకున్నది అదొక్కటే. ఆ రాళ్ళు మా కాలేజీ జియాలజీ ల్యాబుకు చేరాలని ఆయన కోరిక. ఏ రాయి ఏ చోటిదో రుజువుంటేనే తీసుకుంటామని మా మేడమ్ చెప్పారు.

ఆ రుజువును నేనే పాడుచేశాను. మేడమ్ చూడటానికి వస్తారని, తాతగారు బజారుకు వెళ్ళిన సమయం చూసి, రాళ్ళన్నీ డాబా మీద సబ్బు పెట్టి బ్రష్షుతో రుద్దాను. వాటికి అంటించి ఉన్న మాసిన ప్లాస్టరు పట్టీ ముక్కలు కూడా గీకి పారేశాను. నంబర్లు ఉన్నది వాటి మీదే.

"ఎలా మెరుస్తున్నాయో చూడండి తాతగారూ!" అన్నాను, ఆయన మెట్లెక్కి రాగానే.

ఆయన కూరగాయల సంచి కింద పెట్టి, ఒక్కో రాయీ తిప్పి చూశారు. "మంచిగ తానం పోసినవ్ బిడ్డా. పేరూ ఊరూ గూడ కడిగేసినవ్."

నేను ఏడుపందుకున్నాను.

"ఏడిస్తె నంబర్లొస్తయా? ఇగ లే. నోట్‌బుక్ తే."

రాళ్ళు ఏరిన రోజుల్లో ఆయన రాసుకున్న ఆ నోటుబుక్కులో ప్రతి నంబరు పక్కనా దొరికిన చోటూ, రాయి వర్ణనా ఉన్నాయి, ఇంగ్లీషులో. ఆ వర్ణనను నేను తెలుగులో చెప్పాలి, ఆయన ఆ రాయిని వెతకాలి. అదీ ఒప్పందం. మేడమ్‌ను అప్పుడే రావద్దని చెప్పి, రెండు నెలల పాటు ప్రతి సాయంత్రం అదే పని చేశాం.

"బెల్లం రంగు" అన్నాను ఒకసారి, జింకు ఖనిజం గురించి.

"ఏ బెల్లం? కొత్తదా, పాతదా?"

"పాతది. గుగ్గిలంలా మెరుస్తుంది."

"గిట్ల చెప్పు! ఇప్పుడు నా చేతికి దొరుకుతది."

సీసం ఖనిజం విరిగిన చోట చిన్న చిన్న అద్దాల మెట్లలా ఉంటుంది. వెండి అందులోనే కలిసి ఉంటుంది కానీ కంటికి కనబడదు. కనబడని దాన్ని వర్ణించొద్దని, ల్యాబులో తేలిందని మాత్రమే రాయమని అన్నారు. సరిగ్గా చూస్తేనే సరైన మాట దొరుకుతుందని నాకు ఆ సాయంత్రాల్లోనే తెలిసింది.

ఇరవై రెండు రాళ్ళకు నంబర్లు తిరిగొచ్చాయి. ఒక్కటి మిగిలింది. అన్నిటికంటే బరువైనది, అందమైనది. మిగిలిన నంబరు తొమ్మిది. కానీ తొమ్మిది దగ్గర వర్ణన సగంలోనే ఆగిపోయింది. అది రాస్తుండగా వాన వచ్చిందట.

"తొమ్మిదే అయ్యుంటుంది తాతగారూ. రాసేద్దాం. ఎవరు చూస్తారు?"

"మిగిలినంత మాత్రాన రుజువైతదా? నువ్వు చూస్తున్నవ్, నేను చూస్తున్న. ఇంకెవరు గావాలె?"

దానికి నాచేతే చీటీ రాయించారు: చోటు తెలియదు.

ఆయన పోయిన పదమూడో రోజు తర్వాత పెట్టె ఆటోలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. జరిగింది దాచకుండా చెప్పాను. మేడమ్ ముఖం ముడుచుకున్నారు.

"ఒకసారి పోయిన నంబర్లు మళ్ళీ వేశారంటే నేనెలా నమ్మనమ్మా?" అంటూనే ఆ బరువైన రాయి అందుకున్నారు. చీటీ చదివారు. "ఇంత మంచి రాయికి తెలియదని రాశారా?"

"అవునండీ. తెలియదు కాబట్టి."

ఆవిడ చీటీని మళ్ళీ రాయి కిందే పెట్టారు. తర్వాత రాళ్ళన్నీ నంబరు కిందికి వచ్చేలా బల్ల మీద బోర్లించి, జూనియర్లను పిలిచారు. వాళ్ళు ఆ రాళ్ళను ఎన్నడూ చూసినవాళ్ళు కాదు. నోటుబుక్కు మధ్యలో ఎక్కడో తెరిచి నా చేతికిచ్చి, "ఇది చదువు, ఏ రాయో వీళ్ళు వెతుకుతారు" అన్నారు.

నేను తెలుగులో చదివాను. "ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. మూడు నల్లటి చారలు, కొంచెం వంగి. మూడోది మధ్యలో తెగి, గింజంత పక్కకు జరిగి మళ్ళీ మొదలవుతుంది."

ఒక అమ్మాయి రెండు రాళ్ళు తీసి చూసి పెట్టేసింది. మూడోదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎండలో దాన్ని వంచి పట్టుకుని, చూపుడు వేలు మూడో చార మీద పెట్టి మెల్లగా జరిపింది. చార తెగిన చోట వేలు ఆగింది. గింజంత పక్కకు జరిగింది. మళ్ళీ కదిలింది.