రెండో ఈత

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ మీద ఒక శాలువా ఉండేది. ఆకుపచ్చ రంగు, జరీ అంచు, దులిపితే దుకాణం వాసన ఇంకా వచ్చేది. కాలనీ సంఘం పెద్దాయన దాన్ని నాకు మైకులో చెప్పి మరీ కప్పాడు, దుమ్ముగూడెం ఆనకట్ట దిగువ నుంచి భద్రాచలం స్నానఘట్టం దాకా గోదావరిలో ఈదినందుకు. ఈదిన మాట నిజమే. ఆ ఈత లెక్కలోకి రాలేదన్న మాట కూడా నిజమే. మొదటి నిజం వినడానికి కాలనీ అంతా వచ్చింది. రెండో నిజం వినే ఓపిక ఒక్కరికీ లేకపోయింది. అందుకని శాలువాను మెషిన్‌కి కప్పాను. మా ఇంట్లో గిరగిరా తిరిగి, వణికి, చివరికి నీళ్ళు వదిలేసేది అదే కాబట్టి సన్మానం దానికి తగినట్టే ఉంది.

నేను దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తంలో లేనిదాన్ని ఉందని రాస్తే నా ఉద్యోగం పోతుంది. నేను పూర్తి చేయనిదాన్ని పూర్తి చేశానని ఊరు రాస్తే మాత్రం పూలదండ వేస్తారు. ఏడాది పొడవునా ఆ తప్పుడు రిపోర్టును మోసుకు తిరిగాను. కూరగాయల దగ్గర, బస్టాండులో అడిగేవాళ్ళు సరే, ల్యాబ్‌లో రక్తమిచ్చే రోగి కూడా, "గోదారి ఈదిన మేడమ్ మీరేనట గదా" అని అడిగేవాడు. కాదు అంటే వినయం అనుకునేవాడు. సూది గుచ్చుతున్న మనిషి వినయాన్ని అంతగా మెచ్చుకోవడం నేనెక్కడా చూడలేదు.

దూరపు ఈతకు నియమాలు పెద్దగా ఉండవు. పడవ పక్కన రావచ్చు. తిండి అందించవచ్చు. తిట్టవచ్చు. కానీ నీళ్ళలోకి దిగిన దగ్గర నుంచి, ఒడ్డున పొడి నేల మీద సొంత కాళ్ళతో నిలబడేదాకా ఈదే మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆ మనిషి పడవను పట్టుకోకూడదు. మధ్యలో ఇసుక మేటలు తగిలినా లేచి నడవకూడదు. ఈత సంఘం తరఫున ఒక పరిశీలకుడు పడవలోనే కూర్చుని ఇదంతా చూస్తాడు. నా ఈత ముదిగొండ వైపు మా వ్యవసాయ బావిలో, నడుముకు మునగ బెండ్లు కట్టుకుని నేర్చినది. చూడముచ్చటగా ఏమీ ఉండదు. ఏటికి ఎదురీదే రకాన్ని కూడా కాదు, వాలుకే ఈదుతాను, అదీ ఆయాసపడుతూ. యాభై దాటిన ఆడమనిషికి నది చేసే సాయం నది చేస్తుంది. మనుషులు చేయకుండా ఉంటే చాలు.

మొదటిసారి మనుషులు సాయం చేశారు. పడవలో మా ఆయన, కారేపల్లి నుంచి వచ్చిన ఆయన అక్క, పరిశీలకుడు, పడవ నడిపే ఆయన ఉన్నారు. దూరంగా వంతెన కనిపించే చోట, లోతు మీదికి రాగానే మా వదిన గోదావరికి పసుపు కుంకుమ వేసింది. పడవలో నదిని దాటే ఆడవాళ్ళు ఎవరైనా చేసే పనే. వేసి, అదే చేత్తో భరిణె పట్టుకుని వంగింది.

"ఇటు రా పిల్లా, ఒక్క నిమిషం."

తాగడానికేదో ఇస్తుందనుకుని దగ్గరికి వెళ్ళి తల ఎత్తాను. టోపీకీ కళ్ళద్దాలకూ మధ్య వేలెడంత నుదురు ఖాళీగా ఉంది. అందులో బొటనవేలితో బొట్టు పెట్టింది.

పరిశీలకుడు గడియారం వైపు చూశాడు. "అమ్మా, ముట్టుకున్నారు."

"ముట్టుకోకుంట బొట్టెట్ల పెడ్తరు సార్?"

"అందుకే పెట్టకూడదు. ఇక ఈ ఈత చెల్లదు."

"గోదారమ్మకు పెట్టిన, పిల్లకు పెట్టిన. అండ్ల తప్పేముంది? బొట్టు పెడితే ఈత చెల్లదా? ఏం ఈత సార్ మీది, విధవ ఈత."

కుంకుమ కరిగి కళ్ళద్దాల మీదికి దిగుతుంటే మిగిలిన గోదావరిని ఎర్రగా చూస్తూ ఈదాను. పడవ ఎక్కమన్నా ఎక్కలేదు. ఒడ్డు చేరాక ఎవరి చేయీ అందుకోలేదు. వదిన మాత్రం అప్పటికే ఫోన్లు చేసేసింది. మా మరదలు గోదారి ఈదింది, ఒడ్డుకు చేరింది. అందులో ఒక్క అబద్ధం లేదు. అదే నా కడుపు మంట. అబద్ధమైతే ఖండించవచ్చు.

"ఇప్పుడు మునిగిపోయిందేమీ లేదుగా," అన్నాడు మా ఆయన, శాలువా మడత పెడుతూ. నీళ్ళలో ఈదే మనిషితో అనదగిన మాటేనా అది?

ఆ రోజు నుంచి వదినతో ముక్తసరిగా మాట్లాడాను. అన్నం తిన్నావా, బస్సు దొరికిందా, అంతే. ఆమె తప్పు చేసిందని కాదు నా కోపం. తప్పని ఇంట్లో ఎవరూ అనుకోలేదని. నేను తెల్లవారుజామున లేచి చన్నీళ్ళలో దిగిన నెలలన్నీ ఒక సరదా కింద, పరిశీలకుడి నియమం ఒక చాదస్తం కింద తేలిపోయాయి. కూర మాడితే మాడింది అనడానికి ఇంటినిండా మనుషులుంటారు. నా ఈత మాడిపోతే మాత్రం బాగానే ఉంది, తిను అన్నారు.

మళ్ళీ ఈదుతానన్నప్పుడు మా ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అయిపోయిందిగా?"

"కాలేదు."

"నీ లెక్కలో కాలేదు."

"ఇంకెవరి లెక్కలో కావాలి?"

ఆయన నీళ్ళు నమిలాడు. నీళ్ళ విషయంలో ఆయన చేసే కసరత్తు అదొక్కటే.

పడవాయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. "రెండో ఈత గద మేడమ్, ఫికర్ లేదు. బర్రెలు గూడ రెండో ఈతకే పాలు బాగిస్తయి." మొహం చూస్తే మనస్ఫూర్తిగా ధైర్యం చెప్తున్నాడు. బర్రెతో పోల్చినందుకు కోపం రాలేదు. ఏడాది తరువాత ఇది రెండోది, మొదటిది వేరు అని లెక్క పెట్టిన మొదటి మనిషి ఆయనే.

ఈసారి వదినను పిలవలేదు. చలికాలం చివర, ఆనకట్ట దిగువన నేను ఒంటికి గ్రీజు రాసుకుంటుంటే ఆమె పడవలో కూర్చుని ఉంది. తలకు మఫ్లరు, ఒళ్ళో రాగి జావ క్యాను. మా ఇంట్లో ఆహ్వానాలు అట్లాగే నడుస్తాయి. మా ఆయన వైపు చూస్తే ఆయన గోదావరి వైపు చూశాడు.

"వదినా, ఒక్క మాట. ఈసారి నన్ను ముట్టుకుంటే..."

"నేనెందుకు ముట్టుకుంట. చేతులు కట్టుకోని కూసుంట," అంది. ఏడాది తరువాత మా మధ్య జరిగిన పెద్ద సంభాషణ అది.

పోయినేడు తాడు కట్టిన సీసా కోసం పడవ పక్కకు రావలసి వచ్చేది. ఈసారి మామిడికాయలు కోసే దోటి తెచ్చాను. వెదురు కర్ర చివర చిక్కంలో సీసాయో అరటిపండో పెట్టి చాస్తే, నేను అందులోంచి తీసుకుంటాను. చేతికీ చేతికీ మధ్య నిలువెత్తు దూరం. ఆ దోటిని వదిన పట్టుకుంది. మా ఆయన పట్టుకోవచ్చు కానీ, పడవ కదిలితే ఆయన నిద్రపోతాడు.

కోపంతో ఈదితే ఒళ్ళు వేడిగా ఉంటుందనుకున్నాను. మొదటి గంట నిజమే అనిపించింది. చెయ్యి వేసినప్పుడల్లా ఒక్కొక్కరికి తగిలించాను. మైకు పెద్దాయనకు ఒకటి. దండ తెచ్చినవాళ్ళకు ఒకటి. మునిగిపోయిందేమీ లేదన్నవాడికి రెండు. తరువాత చలి కోపం కంటే ముందుకు వెళ్ళిపోయింది. ఇసుక మేటల దగ్గర నీళ్ళు ఎంత పలచనయ్యాయంటే వేళ్ళు నేలకు గీసుకుని చర్మం లేచింది. లేచి నిలబడితే మోకాలు కూడా తడవదు. పక్కన పడవ ఇసుకలో కూరుకుంటే పడవాయన హాయిగా దిగి నడుస్తూ తోస్తున్నాడు. నేను ఆయన పక్కనే బోర్లా పడి పాకుతున్నట్టు ఈదుతున్నాను. గట్టున ఎవరో పశువులు కాసే ఆయన నిలబడి చూశాడు. ఆయన ఏమనుకున్నాడో ఊహించుకుంటే ఇప్పటికీ నా మీద నాకు జాలి వేస్తుంది.

వంతెన కనిపించే చోటికి వచ్చాం. పడవలో వదిన లేచి నిలబడింది. కొంగులోంచి భరిణె తీసింది. నేను ఈదడం ఆపి, వెనక్కి జరిగాను.

"వదినా."

"గోదారమ్మకే," అంది. పసుపు కుంకుమ నీళ్ళలో వేసింది. వేళ్ళకు ఇంకా కుంకుమ ఉంది. ఆ చెయ్యిని ఏం చేయాలో తెలియనట్టు కాసేపు గాలిలో పట్టుకుంది. తరువాత జావ సీసాను తీసి, దాని నడుముకు ఇంత బొట్టు పెట్టి, చిక్కంలో వేసి దోటి చాచింది.

"సార్, సీసకు పెట్టొచ్చునా?"

పరిశీలకుడు ఆలోచించాడు. "సీసా ఈదడం లేదు కాబట్టి పెట్టవచ్చు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వితే నీళ్ళు మింగుతాం. అందుకని కోపంగానే తాగాను.

స్నానఘట్టం దగ్గరికి వచ్చేసరికి నా చేతులు నావి కావు. మాకోసం ఎవరూ రాలేదు, ఊరి లెక్కలో ఇది పోయినేడే అయిపోయింది కదా. ఉన్నది యాత్రికులు. ఏదో దూరపు ఊరి బస్సు దిగి మునకలు వేస్తున్నారు. అడుగు తగిలింది. లేవబోయాను. పొద్దుటి నుంచి పడుకునే ఉన్న కాళ్ళు లేవలేదు. పాచి మెట్టు మీద మోకాళ్ళ మీద పడ్డాను. లేచాను, మళ్ళీ పడ్డాను. నోట్లోకి నీళ్ళు పోయి దగ్గు వచ్చింది.

"ఓలమ్మో, ఎవరో ఆడమనిషి కొట్టుకొచ్చేసింది," అని ఒకావిడ కేక వేసింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళూ, తడి పంచెతో ఒక లావుపాటి ఆయనా నా వైపు పరుగున వచ్చారు. అందరివీ చాచిన చేతులే. పోయిన ఏడాదంతా, ఈ పొద్దంతా చెడిపోవడానికి ఆ చేతులు ఇంక రెండు బారల దూరంలో ఉన్నాయి. వద్దు అందామంటే దగ్గు తప్ప మాట రాలేదు.

వెనక నీళ్ళు చెదిరిన చప్పుడు. వదిన చీరతో సహా పడవలోంచి దూకింది. నడుం లోతు నీళ్ళలో దోటిని అడ్డం పట్టుకుని నాకూ వాళ్ళకూ మధ్యకు వచ్చింది.

"ఎవ్వరు ముట్టుకోవద్దు. దూరం జరుగున్రి."

"అదేంటమ్మా, మనిషి చచ్చిపోతా ఉంటే," అన్నాడు పంచె ఆయన.

"చావనీ. ముట్టుకోవద్దు."

"ఇంతకీ ఆవిడకి నువ్వేమవుతావు?"

"ఆడబిడ్డను."

"అదీ సంగతి," అంది కేక వేసినావిడ, మిగతావాళ్ళతో. అందరికీ అన్నీ అర్థమైపోయాయి. ఒకావిడ నా వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. పంచె ఆయన పోలీసులను పిలవమంటున్నాడు. వదిన చిక్కంతో ఆయన్ని ఛాతీ మీద మెల్లగా నెట్టింది. ఆ తిట్లన్నీ పడుతూ, వెనక్కి తిరగకుండా, నాతో అంది, "లెవ్వు పిల్లా, జల్దీ. ఎంతసేపని ఆపాలె."

చేతులు ఆనించి పాకాను. ఒక మెట్టు, ఇంకో మెట్టు. తడి మెట్లు అయిపోయి కాళ్ళకింద ఎండ తగిలిన రాయి వచ్చింది. నిలబడ్డాను. పరిశీలకుడు పడవలోంచి చెయ్యి ఎత్తాడు.

"అయింది."

ఒడ్డున పడ్డాను. ఇక ఎవరైనా పట్టుకోవచ్చు. ఎవరూ పట్టుకోలేదు. అంతగా తిట్టి ఉంచాను మరి. మా ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. వదిన సంచిలోంచి ఏదో తీసి, చిక్కంలో పెట్టి, దోటిని నా వైపు చాచింది. ఆకుపచ్చ శాలువా.

"తువ్వాలు మర్చిపోయిన," అన్నాడు మా ఆయన. "మెషిన్ మీద ఇదే కనపడ్డది."

దాన్ని తీసుకోలేదు. పళ్ళు కొట్టుకుంటున్నా తీసుకోలేదు. ఆయన వెంటనే మాట మార్చడానికి కాలనీ పెద్దాయనకు ఫోన్ చేశాడు, అందరికీ వినపడేలా. నేను ఒడ్డు చేరానని చెప్పాడు.

"మల్లనా?" అంది ఫోన్. "పోయినేడే అయిపాయె గద. శాలువా గూడ కప్పితిమి."

"అంటే సార్, అది..." మా ఆయన మళ్ళీ నీళ్ళు నమలడం మొదలుపెట్టాడు. నేను చెయ్యి చాచాను. వేళ్ళు వంకర పోయి ఫోన్ పట్టుకోలేవని అప్పుడు తెలిసింది. వదిన లాక్కుంది.

"అన్నా, నేను, కారేపల్లి అక్కను. పోయినేడుది చెల్లలే. నడి గోదాట్ల నేనే ముట్టుకోని చెడగొట్టిన. ఒడ్డుకొచ్చిందని మీకు చెప్పిన గని, చెడగొట్టిన అని చెప్పలే. ఇయ్యాలదే లెక్క."

పెద్దాయన అసలు చిక్కు పట్టుకున్నాడు. "మరి శాలువా ఎట్ల?"

"అది గూడ ఇయ్యాల్దే అనుకోన్రి," అని పెట్టేసింది.

నేను దోటి చివర నుంచి శాలువా తీసుకున్నాను. "ఈ ముక్క ఏడాది ముందు చెప్పి ఉంటే ఏం పోయేది వదినా?"

"ఏడాది నుంచి నువ్వు నాతోటి మాట్లాడితే గద," అంది. పరిశీలకుడి వైపు తిరిగింది. "సార్, రాసుకున్నరా? ఇగ ముట్టుకుంటే మాట మారదు గద?" ఆయన తల ఊపాడు. ఆమె ఇంకోసారి అడిగింది. ఆయన ఇంకోసారి ఊపాడు. అప్పుడు వచ్చి నా నుదుటి మీద బొటనవేలు పెట్టి నొక్కింది, బొట్టు పెట్టినట్టు కాదు, ఏడాదిగా దాచుకున్నదేదో దిగబొడిచినట్టు. నొప్పి పుట్టింది.

శాలువా కప్పుకున్నాను. జరీ అంచు ఈత దుస్తుల అంచు ఒరుసుకుపోయిన మెడ మీద మంటలు పెట్టింది. ఇంట్లో తీగ మీద ఎండిన తువ్వాళ్ళు వేలాడుతుంటే దీన్ని తెచ్చినందుకు, ఆటో ఎక్కేదాకా మా ఆయన్ని తిడుతూనే ఉన్నాను.