బూజు పట్టిన జాడీ

వీధిలో ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరికీ ఆవిడ పుడింగక్కే. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో. ఎవరింట్లో ఏ పుట్టినరోజు వచ్చినా పుడింగు కోసం ముందుగా తట్టేది ఆవిడ తలుపే. "ఇందులో ఏం వేస్తావక్కా, ఇంత కమ్మగా ఉంది?" అని అడిగితే "నా చెమట" అనేది.

నిజానికి వేసేది వైన్. అదీ మామూలు వైన్ కాదు, బ్రాందీ కలిపి ఘాటెక్కించిన తియ్యటి వైన్. మామూలు వైన్ మూత తీసిన నాలుగు రోజులకే పులిసిపోతుంది. ఇది నెలల తరబడి నిక్షేపంలా ఉంటుంది. ఎండుద్రాక్షనీ అంజీరనీ పింగాణీ జాడీలో పోసి, మునిగేదాకా ఆ వైన్ పోసి, రోజూ ఓసారి కలిపి, అవి నల్లగా ఉబ్బాక పిండిలో వేసేది. ఏళ్ళు గడిచినా ఆ జాడీకి బూజన్నది పట్టలేదు. అదే ఆవిడ గొప్ప.

తమ్ముడు ఆస్పత్రి నుంచి తిన్నగా ఆవిడ ఇంటికే వచ్చాడు. తాగి తాగి ఒళ్ళు గుల్ల చేసుకున్నాడు. పంపించేటప్పుడు డాక్టరు ఆవిణ్ణి పక్కకి పిలిచాడు.

"ఇంకొక్క చుక్క లోపలికెళ్ళినా నా దగ్గరికి తీసుకురావద్దమ్మా. నేను చెయ్యగలిగిందేం ఉండదు."

ఆ మాటతో ఆవిడకి కంటిమీద కునుకు కరువైంది. వైన్ సీసాని ఇనప బీరువాలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకుంది. జాడీ మాత్రం ఎప్పటిలాగే వంటగది గట్టుమీద ఉండిపోయింది. సీసాలో ఉన్నంతసేపే అది మందు, పళ్ళమీద పోశాక వంటసరుకు, ఆవిడ లెక్కలో. ఎండుద్రాక్షకి తాళం వేసేవాళ్ళెవరైనా ఉంటారా?

ఖాళీగా కూర్చుంటే వాడి మనసు మళ్ళీ అటే లాగుతుందని, జాడీ కలిపే పని కూడా వాడికే అప్పజెప్పింది పిచ్చితల్లి. వాడు పొద్దున్నే లేచి స్నానం చేసి, శ్రద్ధగా కలిపేవాడు. "మా వాడు దారిన పడ్డాడు" అని పక్కింటావిడకి చెప్పుకుని మురిసిపోయింది. వాడి కళ్ళు కాస్త పచ్చగా కనిపించినా, కిటికీకి కట్టిన పసుపు తెర నీడేలే అనుకుంది.

ఆ రోజు పెద్ద పుడింగు చెయ్యాలని మూత తీసింది. పైన తెల్లటి బూజు, దూదిలా.

చేసేవాళ్ళకి తెలుస్తుంది. ఘాటు ఉన్న వైన్‌లో బూజు పుట్టదు. ఎవరో అందులో నీళ్ళు పోస్తే తప్ప. బూజు పక్కకి తోసి, వేలు ముంచి నాలుకకి రాసుకుంది. చప్పగా, కడుగునీళ్ళలా ఉంది. తాళంచెవి మెడలోనే వేలాడుతోంది. బీరువా తీసి చూస్తే సీసాలో వైన్ తను వదిలినంతే ఉంది. తన చేత్తో గరిటె ఇచ్చి మరీ కూర్చోబెట్టింది వాణ్ణి.

జాడీని రెండు చేతులా ఎత్తి సింకు దగ్గరికి తెచ్చింది. వెనక అడుగుల చప్పుడైంది. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళ నుంచిరా?"

వాడి చూపు అక్క మొహం మీద లేదు, జాడీ అంచుమీద ఉంది.

"నువ్వు లేకపోతే నాకెవరున్నార్రా? ఆ డాక్టరు ఏమన్నాడో తెలుసా నీకు?"

ఆవిడ ఏడుస్తూనే జాడీ వంచింది. నల్లటి నీళ్ళు, బూజు ముక్కలు, పళ్ళు కలిసి జారాయి. వాడు గబగబా వచ్చి, గట్టుమీది గ్లాసు అందుకుని ధార కింద పెట్టాడు.

"అది కుళ్ళిపోయిందిరా! బూజు పట్టింది!"

"తెలుసక్కా," అన్నాడు వాడు చాలా మెల్లగా, చంటిపిల్లని జోకొట్టినట్టు. "మొన్నట్నుంచీ నేను వడకట్టుకునే తాగుతున్నాను."